ఎనిమిది గ్లాసుల కాఫీ

గ్లాసులో ముందు డికాక్షన్ పోసి పాలు కలిపితే ఒక రుచి, పాలు పోసి డికాక్షన్ కలిపితే ఇంకో రుచి అంటుంది మా అత్తయ్య. ‘ఒక్క గుక్క చాలురా, చెప్పేస్తా’ అని పందెం కూడా. ఇంట్లో అందరం నవ్వుతాం. నవ్వడం తేలికే. తేల్చడమే కష్టం.

ఇంచుమించు ఇదే పేచీ 1920ల్లో ఇంగ్లండులో, రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో వచ్చింది. గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ టీ అందిస్తే, నాచు మొక్కల మీద పనిచేసే మ్యూరియల్ బ్రిస్టల్ వద్దన్నారట. కప్పులో పాలు ముందు పడాలని ఆమె పట్టుదల. ఆ టీ కబురునే ఫిషర్, ఆమె పేరెత్తకుండా, 1935లో ‘ది డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్’లో పాఠంగా రాశారు. చివరికి ఆమె గెలిచిందో లేదో మాత్రం అందులో లేదు! ఫలితం కన్నా ముందు వేసుకునే లెక్కే ఆయనకు ముఖ్యం.

ఆ లెక్క చూడండి. ఒక్క కప్పు ఇచ్చి అడిగితే గుడ్డిగా చెప్పినా సగానికి సగం అవకాశం. అందుకే ఎనిమిది కప్పులు: నాలుగింట్లో పాలు ముందు, నాలుగింట్లో టీ ముందు. ఈ సంగతి ఆమెకూ తెలుసు. ఎనిమిదిలోంచి నాలుగు ఏరాలి. 8×7×6×5 అంటే 1680. ఏ వరసలో ఏరినా ఆ నాలుగు అవే కాబట్టి దాన్ని 24తో భాగిస్తే 70. ఏమీ తెలియని మనిషి అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో 1. ఆరు కప్పులతో సరిపెడితే అది 20లో 1కి పెరుగుతుంది. కప్పులు పెట్టే ముందే, ఎంత అదృష్టాన్ని అదృష్టంగా కొట్టిపారేయగలమో తెలిసిపోతుందన్నమాట.

నేనూ ఇంట్లో మొదలెట్టాను. పాలు ముందు పోసిన నాలుగు గ్లాసులూ కలిపేసి, తర్వాత మిగతా నాలుగూ కలిపాను. అత్తయ్య ఎనిమిదీ సరిగ్గా చెప్పేసింది. ఒక్కటీ తాగకుండానే! మొదటి నాలుగు స్టీలు గ్లాసులూ చల్లారాయి, చెయ్యి తగలగానే దొరికిపోయాయి. రెండోసారి బుద్ధి తెచ్చుకుని, ఎనిమిది చీటీలు మడిచి డబ్బాలో వేశాను. వంటింట్లో బావ చీటీ తీసిన వరసలోనే కలిపి, గ్లాసు అడుగున నంబరు వేశాడు. ఏది ఏదో తెలియని నేను తీసుకెళ్లి ఇచ్చాను.

ఆ చీటీయే ఫిషర్ పద్ధతికి ప్రాణం. దాన్ని ఆయన పట్టుకున్నది టీ కప్పులో కాదు, మడిలో. కొత్త ఎరువు పల్లంలో వేసి, పాతది మెరకలో వేస్తే, పెరిగిన దిగుబడి ఎరువుదో నేలదో ఎవరు చెప్పగలరు? అందుకని పొలాన్ని మెరక, పల్లాలను బట్టి పట్టీలుగా విడదీసి, ప్రతి పట్టీలోనూ అన్ని ఎరువులూ వేస్తారు. ఏది ఏ మడికి అన్నది చీటీ తీసే తేలుస్తారు. వ్యవసాయ కళాశాల పిల్లలు ఆర్‌బీడీ (రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్) అని రాత్రంతా కూర్చుని వల్లెవేసేది ఇదే.

ఎరువుతో పాటు విత్తనం, నీరు, నాటే దూరం కూడా మారిస్తే మడుల సంఖ్య కొండంత అవుతుంది. అన్ని కలయికలూ వేయకుండా, ఏరి కూర్చిన కొన్నిటితోనే పని జరిపించే ఆర్తోగోనల్ ఎరేలను 1940ల్లో అందించినది మన సి.ఆర్. రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కేంబ్రిడ్జిలో ఆ ఫిషర్ దగ్గరే పీహెచ్‌డీ చేసిన మనిషి. తర్వాత అవి మళ్లు దాటి ఫ్యాక్టరీలకూ వెళ్లాయి.

ఇక అత్తయ్య. రెండోసారి ఆరు చెప్పింది, రెండు తప్పింది. బాగానే చెప్పిందనిపిస్తుంది కదా? ఆరు సరిపోయే దారులు 16, ఎనిమిదీ సరిపోయేది ఒకటి, 70లో 17. ఏమీ తెలియని నలుగురిని కూర్చోబెడితే ఇంచుమించు ఒకరికి ఈ మాత్రం వస్తుంది. ఆ మాటే చెప్పాను.

‘ఆ రెండు గ్లాసుల్లో చక్కెర తక్కువైందిరా’ అంది.

బావ వైపు చూశాను. చక్కెర కొలిచాడో లేదో వాడికే గుర్తులేదు.