వారసత్వం మరచిన వివాహకథ

జేన్ ఆస్టెన్ 1813లో వెలువరించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవలను అమృత్‌సర్‌కు తరలించిన గురిందర్ చద్దా చిత్రం ‘బ్రైడ్ అండ్ ప్రెజుడిస్’ (2004) నిరాశే మిగిల్చింది. లోపం పాటలది కాదు; అనూ మాలిక్ స్వరాలు హుషారైనవే. మూలంలో బెన్నెట్ గారి ఎస్టేటు కుమార్తెలకు దక్కదు, బంధువైన కాలిన్స్‌కు పోతుంది. తల్లి ఆత్రానికి ఆ భయమే కారణం. చిత్రంలో ఆ చిక్కే లేదు. కనుక లాస్ ఏంజిలిస్ వరుడు కోహ్లీ వట్టి హాస్యపాత్ర. తల్లి ఆరాటం వట్టి సందడి.

ఆస్టెన్ మరొక నవల ఆధారంగా వచ్చిన ‘ప్రియురాలు పిలిచింది’ (2000)లోనూ ఐశ్వర్యా రాయే నాయిక. అక్కడ ఇల్లు చేజారిన అక్కచెల్లెళ్లు చెన్నై చేరుతారు. ఆ బాధ నమ్మించింది.

గోవాలో హోటలు కొనజూసే డార్సీని, భారతీయులు లేని భారతదేశం కావాలా అన్నట్లు లలిత నిలదీస్తుంది. హల్బీ, గోండీ, తెలుగు వినిపించే బస్తర్‌లో కూర్చుని చూస్తే, దర్శకురాలినీ అదే అడగాలనిపించింది.