రాతలో గొంతు వినడం

అమెరికాలో హైస్కూలు చదివే మన పిల్లల ఇంగ్లిష్ ఫైల్లో తరచుగా ఒక జాబితా కనిపిస్తుంది. ఒకవైపు మెటఫర్, సిమిలీ, ఐరనీ, అల్యూజన్ లాంటి సాహిత్య పదాలు. మరోవైపు రచయిత టోన్‌ని చెప్పే విశేషణాలు పేజీల కొద్దీ. పిల్లలు వాటిని ఫ్లాష్ కార్డుల మీద రాసుకుని ఎక్కాల్లా అప్పజెబుతారు. అర్థాలన్నీ నోటికి వస్తాయి. తీరా పరీక్షలో కవిత ఎదురయ్యేసరికి టోన్ ‘శాడ్’గా ఉందని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఈ పదాలు పుట్టింది అప్పజెప్పడానికి కాదు. చదువుతుంటే మనసుకు తగిలినదానికి సరైన పేరు పెట్టి, అది పేజీలో ఎక్కడుందో వేలుపెట్టి చూపించడానికి.

ఈ పద్ధతికి ఒక ముఖ్యమైన మూలం కేంబ్రిడ్జ్‌లో ఉంది. 1920లలో అక్కడ పాఠాలు చెప్పిన ఐ.ఎ. రిచర్డ్స్ కవుల పేర్లు తీసేసి, కవితలు మాత్రం విద్యార్థుల చేతికిచ్చి, తోచింది రాసి తెమ్మన్నాడు. పేరు చూసి మెచ్చుకునే వీలు లేకపోయేసరికి బాగా చదువుకున్నవాళ్లూ తడబడ్డారు. ఉన్న మాటను వదిలేసి లేని భావాన్ని చదివారు. ఆ రాతల్ని పరిశీలిస్తూ ఆయన 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ వెలువరించాడు. మాటలోని అర్థాన్ని అందులో నాలుగు పాయలుగా విడదీశాడు: చెప్పిన విషయం, ఆ విషయం మీద చెప్పేవాడికున్న భావం, వినేవాడి పట్ల అతని వైఖరి, చెప్పడంలోని ఉద్దేశం. మూడోదే టోన్. 1938లో క్లీంత్ బ్రూక్స్, రాబర్ట్ పెన్ వారెన్ తెచ్చిన ‘అండర్‌స్టాండింగ్ పొయెట్రీ’తో ఇలా దగ్గరగా చదివే పద్ధతి అమెరికా కాలేజీల్లో బలంగా నాటుకుంది. ఇప్పటి తరగతుల్లో టోన్ అంటే వినేవాడి పట్ల, విషయం పట్ల ఉన్న వైఖరి రెండూ కలిపి. మూడ్ వేరు. అది చదివేవాళ్ల మీద కమ్ముకునే వాతావరణం. ఒక హత్యను కథకుడు గుమాస్తా నివేదికలా చల్లగా చెప్పుకుపోతే టోన్ నిర్లిప్తం, మూడ్ భయానకం.

టోన్ పదాలను అకారాది క్రమంలో నేర్చుకుంటే లాభం లేదు. ఒకే కుదురులోవి పక్కపక్కన పెట్టి తేడా తేల్చుకోవాలి. కోపాన్నే తీసుకోండి. ‘ఇరిటేటెడ్’ చిరాకు, కాసేపటికి పోతుంది. ‘ఇండిగ్నెంట్’ అన్యాయాన్ని చూసి రగిలే కోపం, అందులో ధర్మం తన వైపుందన్న నమ్మకం ఉంటుంది. ‘బిట్టర్’ పాతబడ్డ కోపం, గాయం ఇంకా మానలేదు. అలాగే ‘నోస్టాల్జిక్’ గడిచిపోయిన రోజుల వైపు చూస్తుంది. ‘విస్ట్‌ఫుల్’లో ఉన్న ఆశ దక్కదని తెలిసీ వదలని ఆశ, అది గతం గురించే కానక్కర్లేదు. ఇవి పట్టుబడితే ‘శాడ్’ అనే మాటతో తృప్తిపడటం పిల్లల వల్ల కాదు.

పైకి వినిపించే గొంతు ఒకటి, లోపలి గొంతు ఇంకొకటి అయినప్పుడే అసలు పరీక్ష. జొనాథన్ స్విఫ్ట్ 1729లో ప్రచురించిన ‘ఎ మోడెస్ట్ ప్రపోజల్’ ఇందుకు నాకు తెలిసిన గొప్ప పాఠం. ఐర్లండ్ దరిద్రానికి మందు చెబుతానంటూ ఒక పెద్దమనిషి ముందుకొస్తాడు. ఏడాది నిండిన పేద పిల్లలను డబ్బున్నవాళ్లకు మాంసంగా అమ్మాలన్నది అతని సలహా. ఏటా లక్షా ఇరవై వేల మంది పుడతారు, ఇరవై వేల మందిని సంతతి కోసం ఉంచి మిగతా లక్ష మందిని అమ్మొచ్చు అని లెక్క తేలుస్తాడు. ధర పది షిల్లింగులు. ఎక్కడా గొంతు పెరగదు, ఒక్క తిట్టు ఉండదు. ఆ పెద్దమనిషి టోన్ ఏమిటంటే మర్యాద, ప్రజాహితం, వ్యాపార దక్షత. స్విఫ్ట్ టోన్ ఏమిటంటే భరించలేని ఆగ్రహం. ఆ ఆగ్రహం ఎక్కడుందో చూపించమంటే ఒక్క మాట చాలు: కన్నతల్లులను అతను ‘బ్రీడర్స్’ అంటాడు, పశువుల మందలో ఈనే జంతువులకు వాడే మాట. మనుషుల్ని అలా లెక్కగట్టే పాలనను స్విఫ్ట్ ఆ మాటతోనే పట్టించాడు. ‘స్విఫ్ట్ శాటైర్ వాడాడు’ అని రాసే విద్యార్థి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ‘బ్రీడర్స్’ దగ్గర ఆగి వివరించినవాడు లోపలికి వెళ్లాడు.

పరీక్ష కూడా అదే అడుగుతుంది. అమెరికా హైస్కూళ్లలోని ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఇంగ్లిష్ లిటరేచర్ పరీక్షలో రెండు గంటల్లో మూడు వ్యాసాలు రాయాలి. ఒక్కోదానికి 6 పాయింట్లు. ప్రధాన వాదనకు 1, ఆధారానికీ వివరణకూ కలిపి 4, ఆలోచన లోతుకు 1. అలంకారం పేరు చెప్పినందుకని విడిగా పాయింటేమీ లేదు.

తెలుగు మీడియంలో చదువుకున్న తల్లిదండ్రులకు ఇది కొత్త సంగతి కాదు. అలంకారం ప్రశ్నకు లక్షణం, లక్ష్యం రాసి వదిలేస్తే మాస్టారు ఒప్పుకునేవారా? సమన్వయం రాయాల్సిందే. ఉపమేయం ఏది, ఉపమానం ఏది, సమానధర్మం ఏది, ఉపమావాచకం ఏది అని విప్పి చూపించాల్సిందే. రిచర్డ్స్ 1936లో మెటఫర్‌ని ‘టెనర్’, ‘వెహికల్’ అని విడదీసింది ఉపమేయ ఉపమానాలకు చాలా దగ్గరి విభజన. పైకి పొగడ్తగా లోపల నిందగా, లేదా పైకి నిందగా లోపల పొగడ్తగా సాగే వ్యాజస్తుతి తెలిసిన అమ్మానాన్నలు స్విఫ్ట్‌ని పిల్లలకు చక్కగా చెప్పగలరు. మనకు ఇంగ్లిష్ సాహిత్యం రాదని వెనక్కి తగ్గకండి.

టోన్ ఒక రచనలో మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలని లేదు. అది మలుపు తిరిగే చోటును టీచర్లు ‘షిఫ్ట్’ అంటారు. ఇంట్లో చెప్పాలంటే రామదాసు ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తన వినిపించండి. ఇకనైనా పలకమని వేడుకోలుతో మొదలవుతుంది. ఎవరెవరికి ఏ నగ చేయించాడో, ఎన్ని వరహాలయ్యాయో ఖాతా చెబుతున్నకొద్దీ గొంతు బిగుసుకుంటుంది. అది ఎవరి సొమ్మని కులుకుతున్నావని నిలదీసే దాకా పోతుంది. ఆపైన, దెబ్బలకు తాళలేక తిట్టానని ఒప్పుకుని శరణు కోరుతుంది. ఇందులో రెండు మలుపులు ఎక్కడున్నాయో, ఏ మాట దగ్గర తెలిసిందో చెప్పమనండి. ఇంగ్లిష్ కవితలో ఆ మలుపును ‘బట్’, ‘యెట్’ లాంటి మాటల దగ్గర, కాలం మారిన క్రియ దగ్గర, ‘హీ’ కాస్తా ‘యూ’గా మారిన చోట, పొడవాటి వాక్యాల మధ్య హఠాత్తుగా వచ్చిన చిన్న వాక్యం దగ్గర వెతకాలి.

నాకు బాగా పనిచేసిన సాధన ఒకటుంది. పేరాను పైకి చదివి, దానికి కావాలనే తప్పు టోన్ పదం పెట్టాలి. స్విఫ్ట్ వ్యాసానికి ‘నిర్లిప్తం’ అని పెట్టి చూడండి. ఏ మాట ఆ పేరును ఒప్పుకోకుండా అడ్డం తిరుగుతుందో దాని కింద పెన్సిల్‌తో గీత గీయాలి. అలా మూడు నాలుగు గీతలు పడ్డాక జాబితా తెరిచి, వాటన్నిటికీ సరిపోయే పదం కోసం చూడాలి. ఒక్కటి దొరక్కపోతే రెండు కలపాలి: ప్రేమగానే కానీ అలసటతో, గౌరవంగానే కానీ అనుమానంతో. వ్యాసంలో మొదటి వాక్యం ఆ జంటతో మొదలుపెట్టి, గీతలు పడ్డ మాటల్ని ఒక్కొక్కటిగా వివరించుకుంటూ పోతే సరి.