మెడలో గుండుసూది

పెట్టె మీద బొమ్మలో తుపాకులు పేలుతున్నాయి, పొగ లేస్తోంది, జెండా ఒరిగిపోతోంది. మూత తీస్తే లోపల ఉన్నవి బూడిద రంగు ప్లాస్టిక్ గెలలు. ఒక్కో కాడకి వరసగా అతుక్కుని సిపాయిలు. నిలబెడితే చిటికెన వేలి కొస కణుపంత ఎత్తు ఉంటారు. ఇంగ్లండ్‌లో ఉన్న రోజుల్లో ఒక ఆదివారం పాత సామాన్ల సంతలో కొన్నాను. ఎయిర్‌ఫిక్స్ వారి అమెరికన్ అంతర్యుద్ధం పెట్టె, దక్షిణాది కాల్బలం. అమ్మినాయన ‘ఒక్కటీ విరగలేదు’ అన్నాడు. అబద్ధం కాదు, అప్పటికి విరగలేదు. ఇంటికొచ్చి ఒకణ్ణి కాడ నుంచి తెంపబోతే చీలమండల దగ్గర పుటుక్కుమన్నాడు. పాదాలు కాడకే ఉండిపోయాయి, మనిషి నా చేతిలోకొచ్చాడు.

పాత పాలిథీన్ జబ్బు అది. వెలుతురూ గాలీ తగిలి ఏళ్లు గడిచేకొద్దీ మెత్తదనం పోయి పెళుసెక్కుతుంది. ఎండలో వదిలేసిన బకెట్ చెవి ఊడొచ్చినట్టే. ఆ మాటకొస్తే బకెట్‌కీ ఈ సిపాయికీ పదార్థం ఒకటే. 1933లో నార్త్‌విచ్‌లోని ఐసీఐ ప్రయోగశాలలో అనుకోకుండా పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ కేబుళ్లకు తొడుగైంది. యుద్ధమయ్యాక వంటింట్లోకీ, ఆటబొమ్మల్లోకీ దిగింది.

సిపాయి బొమ్మలతో బల్ల మీద యుద్ధాలాడటం మాత్రం అంతకన్నా పాతది. హెచ్.జి. వెల్స్ 1913లోనే ‘లిటిల్ వార్స్’ అని దానికో పుస్తకం రాశాడు. ఆయన ఆడింది లోహపు సిపాయిలతో, స్ప్రింగు ఫిరంగితో. లోహం అంటే డబ్బున్నవాళ్ల ఆట. నికోలస్ కోవ్ అనే హంగేరీ శరణార్థి 1939లో లండన్‌లో పెట్టిన ఎయిర్‌ఫిక్స్ కంపెనీ, 1959లో రాజభటుల బ్యాండు మేళంతో మొదలుపెట్టి, బొమ్మ రైళ్ల పక్కన ఇమిడే ఈ చిన్న సిపాయిలను అచ్చు పోయడంతో లెక్క మారిపోయింది. పెట్టెకి నలభై పైచిలుకు మంది, పిల్లవాడి జేబు డబ్బులకు అందే ధర. నాలుగు పెట్టెలు కొంటే ఒక పటాలం. సౌతాంప్టన్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేసిన డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ ‘వార్ గేమ్స్’ పుస్తకం 1962లో వచ్చేసరికి, దాన్ని చదివి ఆడాలని ఉబలాటపడే కుర్రాళ్లకు సైన్యం వీధి చివరి దుకాణంలోనే దొరుకుతోంది.

దొరుకుతోంది గానీ, కావలసిన సైన్యం కాదు. నెపోలియన్ యుద్ధాలంటే ఈ ఆటగాళ్లకు ప్రాణం. 1960లలో చాలాకాలం ఆ సైన్యాలు పెట్టెల్లో రానేలేదు. పైగా ఒక పెట్టెలో ఒకడు పాకుతాడు, ఒకడు మోకాలి మీద కూర్చుంటాడు, ఒకడు చేతులు పైకెత్తి పడిపోతుంటాడు. పిల్లలకు అది పండగే. వరసలో నడిచే పాతికమంది కావలసినవాడికి తలనొప్పి. బజారులో లేనిదాన్ని ఉన్నదాంట్లోంచి లాగడమెలాగో నేర్చుకున్నారు వాళ్లు. నాకు ఈ సరదాలో అసలు విద్య అదేననిపిస్తుంది. పాచికలూ కొలబద్దా పట్టుకుని ఆడే ఆట దాని తర్వాతే.

పాలిథీన్‌కి మామూలు ప్లాస్టిక్ జిగురు పట్టదు. అందుకే సూది. తల మార్చాలంటే పదునైన బ్లేడుతో కాలరు గీత మీద ఒక్క వేటున కోయాలి, రంపంలా లాగితే నూగు లేస్తుంది. గుండుసూదిని మంట మీద కాల్చి మొండెంలోకి గుచ్చితే ప్లాస్టిక్ కరిగి దారిస్తుంది, చల్లారితే బిగుసుకుంటుంది. పైకి మిగిలిన ముక్కకి వేరే పెట్టెలోంచి కోసిన తల. రాజభటుల ఎలుగుబొచ్చు టోపీ తల తెచ్చి పెడితే నెపోలియన్ అంగరక్షకుడవుతాడు. వంగిపోయిన తుపాకీని వేణ్ణీళ్లలో ముంచి, సాపు చేసి, వెంటనే చన్నీళ్లలో పెడితే అలాగే నిలుస్తుంది.

రంగు పట్టించడం ఇంకో యాతన. అచ్చులోంచి జారడానికి పూసిన జిడ్డు పోయేలా ముందు సబ్బునీళ్లతో కడగాలి. తర్వాత తెల్ల ఫెవికాల్ లాంటి జిగురు పల్చగా పట్టించి ఆరనివ్వాలి. ఆ తర్వాతే రంగు. ఇంత చేసినా బాయినెట్ వంగిన ప్రతిసారీ మొన మీద రంగు పెచ్చులూడుతుంది. సీసపు బొమ్మలవాళ్లు దీన్ని చూసే నవ్వేవారు. 1981లో ఎయిర్‌ఫిక్స్ దివాలా తీసి అచ్చులు చేతులు మారాయి. ఆ బొమ్మలు ఇప్పటికీ ఏదో పేరుతో వస్తూనే ఉంటాయి. తలనెరిసిన ఆటగాళ్లు మాత్రం పాత పెట్టెలే వెతుక్కుంటారు. లోహపు సిపాయి రంగు పడితే చాలు, సిద్ధం. ప్లాస్టిక్ సిపాయిలో తమ చేతి సూది ఉంటుంది.

నా పెట్టెలో ఇరవై మంది విరక్కుండా బయటపడ్డారు. వాళ్లతో చందుర్తి యుద్ధం ఆడాలని నా పిచ్చి. 1758 డిసెంబరు, పిఠాపురం దగ్గర. విజయనగరం ఆనందరాజు పిలిస్తే వచ్చిన ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ ఒకవైపు, ఫ్రెంచివారి కాన్‌ఫ్లాన్స్ మరోవైపు. ఫోర్డ్ తెల్లవాళ్ల పటాలం మనిషెత్తు చేను వెనక కనబడకుండా ఉండిపోయింది. బెంగాల్ నుంచి తెచ్చిన సిపాయిలు వేసుకున్నది ఎర్రకోట్లు. దక్షిణాదిలో సిపాయిలను తెల్లబట్టల్లో చూసి అలవాటుపడ్డ ఫ్రెంచివారు, ఎర్రకోట్లవాళ్లే ఇంగ్లీషు పటాలమనుకుని వాళ్లమీదికి పోయారు. చేను వెనకనుంచి అసలు పటాలం బయటికొచ్చింది. ఆ ఓటమి తర్వాత మరో నాలుగు నెలలకు మచిలీపట్నం కోట కూడా ఫ్రెంచివారి చేజారింది.

కోటు రంగే కథ నడిపిన యుద్ధం, రంగు నిలవని సిపాయిలతో! అంచుల టోపీలు కోసి, జిగురులో తడిపిన టిష్యూ కాగితం చుట్టి తలపాగాలు చేశాను. ప్యాంట్లకు చామనచాయ పూస్తే ఒట్టి కాళ్లయ్యాయి. కోట్లకు ఎరుపు మూడు పూతలు. కొబ్బరి పీచు గుచ్చి చేను వేశాను. నిన్న రాత్రి వరస తీర్చి చూస్తే ముగ్గురికి మోచేతుల దగ్గర రంగు అప్పుడే రాలింది, లోపలి బూడిద రంగు బయటపడింది. కాన్‌ఫ్లాన్స్‌గా ఆడటానికి ఆదివారం మా బావమరిది వస్తానన్నాడు. వాడికి కళ్లజోడు మార్చాల్సిన టైమొచ్చి చాలా రోజులైంది, అదే నా ధైర్యం.