ఇరుసుకు ముందా, వెనకా?

ట్రావెల్ ట్రైలర్ తలుపు పక్కన పసుపు రంగు స్టిక్కర్ ఒకటి ఉంటుంది. ఈ బండిలో ఎక్కించే సామాను ఇన్ని పౌండ్లు మించకూడదని అందులో రాసి ఉంటుంది. ట్రైలర్ కొనడానికి వెళ్లిన మనవాళ్లు పరుపు నొక్కి చూస్తారు, ఫ్రిజ్ తెరిచి చూస్తారు, బాత్రూంలో తల తగులుతుందేమోనని నిలబడి చూస్తారు. ఆ స్టిక్కర్ దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. ట్రైలర్ సర్దుకునే విద్యకు అదే మొదటి పాఠమని నా అభిప్రాయం.

తెలియనివారికి రెండు మాటలు. పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు ఇది. మంచాలు, గ్యాస్ పొయ్యి, సింకు, మరుగుదొడ్డి అన్నీ అందులోనే ఉంటాయి. కోవిడ్ రోజుల్లో విమానాలూ హోటళ్లూ అందకుండా పోయినప్పుడు అమెరికా అంతటా వీటికి గిరాకీ పెరిగింది. మేముండే డాలస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్ల ముందు కూడా అక్కడక్కడా కనిపిస్తున్నాయి. బండి ఇంటికి వచ్చాక మొదలయ్యే కొనుగోళ్లలో ముందు వరసలో ఉండేవి రెండు: సైకిళ్లు తగిలించే ర్యాకు, ఆరుబయట వండే సరంజామా.

మా కాలనీలో ఈ మధ్యే ట్రైలర్ కొన్న కుర్రాడు ఒకడు ఫోన్ చేశాడు. “అన్నా, నాలుగు సైకిళ్ల ర్యాకు ఆర్డర్ పెట్టేశా. వెనక బంపర్‌కి బిగిస్తే సరిపోతుంది కదా?” అన్నాడు. “ముందు ఆ బంపర్ మీద వేలితో తట్టి చూడు తమ్ముడూ” అన్నాను. తట్టి, “డొల్లగా మోగుతోందేంటన్నా?” అన్నాడు.

మోగుతుంది మరి. చాలా ట్రైలర్లకు వెనకుండే బంపర్ నాలుగంగుళాల చదరపు గొట్టం. రేకు పల్చన. మురుగు నీటి పైపు దాచుకోవడానికి పెట్టినది. నాలుగు సైకిళ్లను గోతుల రోడ్డు మీద మోయడానికి చేసింది కాదు. పైగా ట్రైలర్ వెనక కొస రోడ్డు మీద ఎంత ఎగిరిపడుతుందో ట్రక్కులో కూర్చున్నవారికి తెలియదు. ఇరుసు నుంచి దూరం జరిగిన కొద్దీ ఆ ఊపు పెరుగుతుంది. అందుకే కారుకు పనికొచ్చే ర్యాకులు చాలావాటికి, లాక్కెళ్లే బండి వెనక వాడవద్దని తయారీదారులే రాసిపెడతారు. ఇలాంటి ట్రైలర్ల కోసం ప్రత్యేకంగా చేసిన ర్యాకే తీసుకోవాలి. దాన్ని బంపర్‌కు కాకుండా, బండి అడుగు చట్రానికి వెల్డింగ్ చేయించిన రెండంగుళాల రిసీవర్‌లో దించాలి. సైకిల్‌ని పై కడ్డీ పట్టుకుని వేలాడదీసే రకం కన్నా, చక్రాలు తొట్టిలో కూర్చునే ప్లాట్‌ఫాం రకం నయం. పిల్లల సైకిళ్లకు, వాలు కడ్డీ సైకిళ్లకు ఇందులోనే పట్టు దొరుకుతుంది.

ర్యాకు ఎంత గట్టిదైనా అసలు చిక్కు ఇంకొకటి ఉంది. ఎద్దుబండి తోలినవారికి ఇది కొత్త సంగతేం కాదు. బస్తాలు ఇరుసుకు వెనక ఎక్కువ పడితే నొగ పైకి లేస్తుంది, కాడి ఎద్దుల మెడ మీద నిలవదు. మరీ ముందుకు పడితే ఎద్దుల మెడలు కాయలు కాస్తాయి. ట్రైలర్ బరువుకూ ఇదే లెక్క. దాని మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం నొగ మీద, అంటే ట్రక్కుకు తగిలించే కొండీ మీద, కిందికి పడుతుండాలి. అంతకన్నా తగ్గితే హైవే మీద పక్కనుంచి పెద్ద లారీ ఒకటి దూసుకుపోగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఊపు పెరిగితే ట్రక్కునూ తనతో పాటు ఈడుస్తుంది. అలాంటప్పుడు ట్రక్కు బ్రేకు తొక్కకూడదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, ట్రైలర్ బ్రేకుల్ని మాత్రం చేత్తో మెల్లగా నొక్కాలి.

ఆ కుర్రాడికి కాగితం మీద లెక్క వేసి చూపించాను. ట్రైలర్ 2,500 కిలోలు, నొగ మీద 300 కిలోలు అనుకుందాం. అది 12 శాతం, బాగానే ఉంది. ర్యాకూ సైకిళ్లూ కలిసి 90 కిలోలు. అవి ఇరుసుకు మూడున్నర మీటర్లు వెనక ఉన్నాయి. ఇరుసు నుంచి కొండీకి నాలుగున్నర మీటర్లు. వెనక పెట్టిన 90 కిలోలు ముందు 70 కిలోల్ని పైకి లేపేస్తాయి. నొగ మీద మిగిలింది 230. మొత్తం బరువు 2,590 అయింది కాబట్టి తొమ్మిది శాతం కూడా లేదు. సామాను బరువు స్టిక్కర్ మీది హద్దులోనే ఉన్నా, పెట్టిన చోటు వల్ల బండి ప్రమాదంలో పడింది. సైకిళ్లు బ్యాటరీవి అయితే ఒక్కొక్కటే పాతిక, ముప్పై కిలోలు తూగుతుంది.

మరి ఎక్కడ పెట్టాలి? గ్యాస్ సిలిండర్లుండే ముందు చట్రం మీద నిలబెట్టే ర్యాకులున్నాయి. అవి నొగ మీద బరువు పెంచుతాయి. అయితే మలుపు తిరిగేటప్పుడు, వెనక్కి తోలేటప్పుడు హ్యాండిళ్లు ట్రక్కు వెనక తలుపుకు తగలకుండా ఖాళీ ఉండాలి. సైకిళ్లను ట్రైలర్ లోపల నడవలోనే పడుకోబెట్టి, కింద గోనెపట్టా వేసేవారూ ఉన్నారు. నేను ట్రక్కు తొట్టికే ఓటేస్తాను. ముందు చక్రం తీసి ఫోర్కును బిగిస్తే సైకిల్ కదలదు, వెనక లైట్లకూ నంబర్ ప్లేటుకూ అడ్డం రాదు. ఆ బరువు ట్రక్కు మోయగలిగిన లెక్కలోకి వస్తుంది. ట్రక్కులో మనుషులు, నొగ భారం కూడా ఆ లెక్కలోవే. ఆ హద్దు డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది.

ఇన్ని తిప్పలు పడి సైకిళ్లు ఎందుకు అంటారా? మా టెక్సస్‌లోనే క్యాప్‌రాక్ క్యాన్యన్స్ అనే స్టేట్ పార్కుంది. అక్కడ పాత రైలు దారిని సైకిల్ బాటగా మార్చారు. 64 మైళ్ల పొడవు. మధ్యలో క్లారిటీ టన్నెల్ అనే సొరంగంలో వేసవిలో గబ్బిలాలు లక్షల్లో కాపురం ఉంటాయి. ఎర్రమట్టి లోయల పక్కన అడవిదున్నలు రోడ్డు దాటుతుంటే మనం ఆగాలి. ఇక్కడికి వచ్చే తెలుగువారికి ముందుగా ఒక హెచ్చరిక: ఈ పొడి నేలల్లో గోట్‌హెడ్ అని తిట్టుకునే ముళ్లు మన పల్లేరుకాయలే. ఎండాకాలం చేలగట్ల మీద మన కాళ్లలో దిగిన ముల్లే ఇక్కడ టైర్లలో దిగుతోంది. ట్యూబుల్లో పంక్చర్ పూడ్చే ద్రవం పోసుకోకుండా ఈ బాట మీదికి దిగవద్దు.

ఆ అడవిదున్నలకూ మన రెండో సరంజామాకూ ఒక చుట్టరికం ఉంది. చార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల వ్యాపారి 1866లో టెక్సస్ నుంచి మందల్ని దూర ప్రాంతాలకు తోలే రోజుల్లో, సైన్యం వాడి వదిలేసిన బండిని కొని వంటబండిగా మార్చాడు. వెనక అరల పెట్టె చేయించాడు. మూత కిందికి వాలిస్తే అదే బల్ల. కాఫీ, చిక్కుడు గింజలు, పిండి, మందులు దేని అర దానిది. అమెరికాలో ఆరుబయట వంట సామాను అమర్చే పద్ధతికి మూలం ఇదేనని చెప్పవచ్చు. ఆ బండి వంటవాడు రాత్రి పడుకునే ముందు నొగను ధ్రువనక్షత్రం వైపు తిప్పి ఉంచేవాడట, తెల్లారి దిక్కు తప్పకుండా. గుడ్‌నైట్ భార్య మేరీ ఆన్ పట్టుబట్టి కాపాడించిన దున్నపిల్లల సంతతే ఈ పార్కులోని మంద.

గుడ్‌నైట్ పెట్టెలో నాకు నచ్చింది ఒకటుంది. వంటవాడు బండి బయటే నిలబడతాడు. మన వంటకు ఇంతకన్నా తగిన ఏర్పాటు లేదు. ట్రైలర్ లోపల పైకప్పు తక్కువ ఎత్తు, గోడలు పల్చన, పరుపులూ తెరలూ అడుగు దూరంలో. లోపల ఒక్కసారి ఎండుమిర్చి, ఇంగువ పోపు పెడితే వారంపాటు ఆ వాసనలోనే పడుకోవాలి. పొగ అలారం కూడా ఊరుకోదు. “పోపూ వేపుడూ బయటే, లోపల టీ వరకే” అని మా ఆవిడ పెట్టిన చట్టం మా బండిలో ఇప్పటికీ అమలులో ఉంది.

బయటి పొయ్యికి గ్యాస్ దగ్గర ఒక మెలిక ఉంది. చాలా ట్రైలర్లకు పక్కన గ్యాస్ గొట్టం తగిలించే చోటు ఉంటుంది. అక్కడికి వచ్చే గ్యాస్ పీడనం ముందే రెగ్యులేటర్‌తో తగ్గించినది. మనం కొన్న పొయ్యికి సొంత రెగ్యులేటర్ ఉంటే రెండుసార్లు తగ్గినట్టవుతుంది. మంట దీపంలా వెలుగుతుంది, దోసె కాలదు. తక్కువ పీడనానికి పనిచేసే పొయ్యి తీసుకోవాలి, లేదంటే పొయ్యికి విడిగా సిలిండర్ పెట్టుకోవాలి. ఎండాకాలం కౌంటీలు నిప్పు నిషేధం పెట్టినప్పుడు కట్టెలూ బొగ్గులూ వెలిగించనివ్వరు, గ్యాస్ పొయ్యిని సాధారణంగా అనుమతిస్తారు.

ఇక పెనం. అమెరికావాళ్లు బర్గర్ల కోసం చేసుకున్న వెడల్పాటి ఉక్కు గ్రిడిల్‌ని మనవాళ్లు దోసెలకు సొంతం చేసుకున్నారు. కొత్త పెనాన్ని నూనె పల్చగా రాసి, పొగ వచ్చేదాకా కాల్చి, మళ్లీ రాసి కాల్చి, నల్లగా చేసుకోవాలి. కింద రెండు బర్నర్లుంటే ఒక పక్క పెసరట్టు కాలుతుంది, రెండో పక్క సన్నని సెగ మీద ఉప్మా వేడిగా ఉంటుంది. పెనం సమంగా లేకపోతే పిండి వాలు వైపు జారుతుంది కాబట్టి కాళ్ల కింద చెక్కముక్కలు సర్దాలి. గాలికి మంట పక్కకు పోకుండా చుట్టూ రేకు ఉండాలి. పదిహేను కిలోల పైనే తూగే ఈ పెనాన్ని ప్రయాణంలో ట్రైలర్ లోపల ఇరుసుకు కాస్త ముందు, నేల మీద కదలకుండా పెట్టాలి. పై అరల్లోకి అప్పడాలు, పేపరు ప్లేట్లలాంటి తేలికపాటివి చాలు.

కుక్కర్‌ని మాత్రం మరవొద్దు. వేసవిలో ఎండ తప్పించుకోవడానికి డాలస్ వాళ్లం కొలరాడో కొండలకు పోతుంటాం. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో మకాం దాదాపు 8,000 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడ నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతాయి. మూత లేని గిన్నెలో కందిపప్పు చాలాసేపు ఉడికినా పలుకు విడవదు. మూడు లీటర్ల చిన్న కుక్కర్ అక్కడ పప్పునూ అన్నాన్నీ గట్టెక్కిస్తుంది. అవి ఎలుగుబంట్లు తిరిగే చోట్లు కాబట్టి, తిన్నాక పెనం తుడిచి, పొయ్యితో సహా లోపల పెట్టి తలుపు వేసుకోవడం నియమం.

బరువుకు ఉన్నట్టే కరెంటుకూ ఒక హద్దు ఉంది. మామూలు ట్రైలర్‌కు 30 ఆంపియర్లు, 120 వోల్టులు, మొత్తం 3,600 వాట్లు. ఏసీకి దాదాపు 1,500, ఇండక్షన్ స్టవ్‌కి 1,800 పోతాయి. ఆ రెంటికి తోడు మిక్సీ వేస్తే బ్రేకర్ పడిపోతుంది. అందుకే గ్రైండరూ మిక్సీ ఇంటి దగ్గరే ఉండాలి. పిండి రుబ్బి డబ్బాలో సగం వరకే పోసి తెచ్చుకుంటాం. టెక్సస్ ఎండకు అది మధ్యాహ్నానికే పొంగుతుంది. చట్నీల బదులు కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం. ఫ్రిజ్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, అన్నీ కలిపి కిలో దాటవు.

“ఎందుకైనా మంచిది, ఉండనీ” అనేది మనకు పుట్టుకతో వచ్చిన మాట. హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు 23 కిలోల సూట్‌కేసును ఇంట్లోనే చేతి కాటాకు నాలుగుసార్లు వేలాడదీసి, ఆవకాయ సీసా తీసి మళ్లీ పెట్టినవాళ్లం. ఎయిర్‌లైన్స్ కౌంటర్‌కు అంత భయపడే మనం, పిల్లల్ని ఎక్కించుకుని 65 మైళ్ల వేగంతో లాగే బండిని మాత్రం కాటా ఎక్కించం. కౌంటర్ దగ్గర పోయేది డబ్బు. హైవే మీద పోయేది వేరు.

అందుచేత కొత్తగా ట్రైలర్ కొన్నవారికి నా విన్నపం ఇది. తొలి ప్రయాణానికి ముందు సైకిళ్లు, పెనం, నీళ్లు, బియ్యం అన్నీ ఎక్కించి, లారీలు ఆగే ట్రక్ స్టాప్‌లోని క్యాట్ స్కేల్ అనే కాటాకు వెళ్లండి. నొగ భారాన్ని ఇరుసుల మధ్య పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ కడ్డీలు ఉంటే విప్పి, ట్రైలర్ తగిలించి ఒకసారి, విప్పేసి ట్రక్కును మాత్రమే ఇంకోసారి తూయించండి. ఖర్చు కొద్ది డాలర్లే. రెండు చీటీల్లో ట్రక్కు బరువుకు వచ్చే తేడాయే మీ నొగ మీది భారం. అది ట్రైలర్ బరువులో 10 శాతం కన్నా తక్కువ ఉంటే, సైకిళ్లను ముందుకు మార్చేదాకా హైవే ఎక్కకండి.