ఒత్తులు పేర్చే ఫైలుకు పూచీ ఎవరిది?

ఆత్మకూరు అని తెరమీద సరిగ్గా కనపడాలంటే 'త' కింద 'మ' ఒత్తు వచ్చి కుదురుకోవాలి. ఉదయగిరికి ఆ బాధ లేదు, ఆ పేరులో ఒత్తులే లేవు. కీబోర్డు మీద మనం కొట్టేది వరసగా త, పొల్లు, మ. ఈ మూడింటినీ కలిపి ఏ ఆకారంలో ఎక్కడ నిలబెట్టాలో తేల్చేది వర్డూ కాదు, బ్రౌజరూ కాదు. తెరవెనక మన కంట పడకుండా ఉండే ఒక లైబ్రరీ ఫైలు ఆ పని చేస్తుంది. విండోస్‌లో చాలాకాలం దాని పేరు యుఎస్‌పీ10.డీఎల్ఎల్. లైనక్స్‌లో ఇప్పుడు హార్ఫ్‌బజ్. విండోస్ మేలా, లైనక్స్ మేలా అని వైరస్‌ల లెక్కతో చేసే వాదనలు చాలా చదివాం. నేను మాత్రం ఈ ఒక్క పనిని పట్టుకుని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తాను. మన అక్షరం నిలబడేది దేని పూచీ మీదో దాన్నిబట్టి తెలిసిపోతుంది.

లైబ్రరీ ఫైలు అంటే వేరే ఏమీ లేదు. ఫైలు సేవ్ చేయడం, ప్రింటుకు పంపడం, అక్షరం గీయడం వంటి పనులు ప్రతి ప్రోగ్రాముకూ కావాలి. ఎవరికి వారు రాసుకోకుండా ఒకేచోట రాసిపెట్టి అందరూ వాడుకుంటారు. విండోస్‌లో అవి డీఎల్ఎల్ ఫైళ్లు, చాలావరకు సిస్టం32 ఫోల్డరులో ఉంటాయి. లైనక్స్‌లో ఎస్ఓ ఫైళ్లు, లిబ్ ఫోల్డర్లలో ఉంటాయి. ఉమ్మడి సొత్తుకు ఉండే లాభం, చిక్కు రెండూ వీటికి ఉన్నాయి. ఒకచోట దిద్దితే అందరికీ బాగవుతుంది, ఒకచోట చెడితే అందరికీ చెడుతుంది.

1990లలో విండోస్‌లో ఈ చిక్కే పెద్దదైంది. కొత్తగా వేసిన సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి తన వెంట తెచ్చుకున్న పాత డీఎల్ఎల్‌ను సిస్టం ఫోల్డరులో ఉన్న కొత్తదాని మీద పరిచేసేది. అది వేసుకున్నందుకు నిన్నటిదాకా నడిచిన మరో ప్రోగ్రాము ఆగిపోయేది. మైక్రోసాఫ్ట్ దీనికి మందు విడతలవారీగా వేసింది. విండోస్ 2000లో ఫైల్ ప్రొటెక్షన్ వచ్చింది. ఎవరైనా ముఖ్యమైన ఫైలును మారిస్తే, దాచిపెట్టిన నకలు తెచ్చి మళ్లీ దాని చోట పెట్టేది. 2001లో ఎక్స్‌పీతో ఒకే డీఎల్ఎల్‌కు రెండు మూడు వెర్షన్లు పక్కపక్కనే ఉండే ఏర్పాటు చేశారు. 2007లో విస్టా నుంచి సిస్టం ఫైళ్ల యాజమాన్యమే ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే సేవ పేర రాశారు. అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయినా సిస్టం32లోని ఫైలును డిలీట్ చేయబోతే 'అనుమతి లేదు' అంటుంది. సొంత కంప్యూటర్ మీద మనకే హక్కు లేదా అని కొందరికి మండుతుంది గానీ, నాకు ఈ కట్టడి సబబే అనిపిస్తుంది. ఆ ఫైలు ఏం చేస్తుందో తెలియని చేతికి దాన్ని తీసేసే అధికారం ఎందుకు?

అయితే ఈ కాపలాకు ఒక పక్క కన్ను లేదు. అది మన అక్షరాల కథలోనే బయటపడింది. ఎక్స్‌పీలో తెలుగుకు గౌతమి ఫాంటు ఇచ్చారు గానీ, ఒత్తులు కలవాలంటే రీజనల్ సెట్టింగుల్లోకి పోయి ఒక గడిలో టిక్కు పెట్టి, అది అడిగిన ఎక్స్‌పీ సీడీని డ్రైవులో పెట్టాల్సివచ్చేది. సీడీ ఎక్కడుంది? కంప్యూటర్ అమ్మినవాడి దగ్గర. అప్పట్లో భారతీయ భాషల్లో రాసేవాళ్ల మధ్య ఒక చిట్కా తిరిగింది. పాత యుఎస్‌పీ10 ఒత్తులు సరిగా కలపకపోతే, కొత్త ఆఫీసుతో వచ్చిన యుఎస్‌పీ10ను తెచ్చి వాడాలి. సిస్టం32లో పెడితే విండోస్ ఊరుకోదు, పాతది తెచ్చి పెడుతుంది. అందుకని ప్రోగ్రాము ఉన్న ఫోల్డరులోనే పెట్టేవాళ్లు. ప్రోగ్రాము మొదట తన పక్కన చూసుకుని, అక్కడ దొరక్కపోతేనే సిస్టం ఫోల్డరుకు పోతుంది. ఆ వెసులుబాటుతో మన భాషలు ఒడ్డెక్కాయి.

అదే సందులోంచి దొంగలూ దూరారు. విండోస్‌లో ఒత్తుల పనికి తోడుండే ఇంకో ఫైలు ఎల్‌పీకే.డీఎల్ఎల్. నిటోల్ అనే మాల్‌వేర్ ఆ పేరుతోనే తన నకలును ప్రోగ్రాములున్న ఫోల్డర్లలో, పెన్‌డ్రైవుల్లో పడేసేది. ప్రోగ్రాము తెరిస్తే చాలు, పక్కనున్న దొంగ ఎల్‌పీకే ముందు లేచేది. సిస్టం32లోని అసలు ఫైలు మీద గీత కూడా పడలేదు, కాపలా అంతా సజావుగానే ఉంది. 2012లో మైక్రోసాఫ్ట్ బయటపెట్టిన దర్యాప్తులో, చైనాలో దుకాణాల నుంచి కొన్న 20 కొత్త కంప్యూటర్లలో 4 మాల్‌వేర్‌తోనే వచ్చాయని తేలింది. వాటిలో ఉన్నది నకిలీ విండోస్. తర్వాతి విండోస్‌లలో ఈ సందు చాలావరకు పూడ్చారు గానీ, పక్క ఫోల్డరులో దొంగ డీఎల్ఎల్ పెట్టే పద్ధతి ఇప్పటికీ చావలేదు.

ఇప్పుడు లైనక్స్ సంగతి. అక్కడ సిస్టం ఫైళ్లకు ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ లాంటి బంట్రోతు లేడు. రూట్ అనే సర్వాధికారంతో కూర్చున్నవాడు, దాదాపు అన్ని ప్రోగ్రాములకూ ఆధారమైన లిబ్‌సీ లైబ్రరీ ఫైలును పక్కకు జరిపితే అది జరిగిపోతుంది. ఆ క్షణం నుంచి ఫైళ్ల జాబితా చూపే 'ఎల్ఎస్' పనిచేయదు, నకలు తీసే 'సీపీ' పనిచేయదు, జరిపినదాన్ని వెనక్కి తెచ్చే 'ఎంవీ' కూడా పనిచేయదు. అవన్నీ లిబ్‌సీ మీద బతికేవే. ఇంక చాలామందికి లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసుకోవడమే దారి. మన చేతి నుంచి మనల్ని కాపాడటంలో విండోస్‌దే పైచేయి, సందేహం లేదు.

కానీ లైనక్స్ బలం ఇంకోచోట ఉంది. ఉబుంటు లాంటి లైనక్స్‌లో సిస్టంతో వచ్చే ప్రతి లైబ్రరీ ఫైలూ ఏదో ఒక ప్యాకేజీకి చెందినదే. ఫలానా ఫైలు ఏ ప్యాకేజీతో వచ్చిందని 'డీపీకేజీ'ని అడిగితే చెబుతుంది. వచ్చినప్పుడు ఉన్నట్టే ఉందా అని 'డెబ్‌సమ్స్'ను అడిగితే అదీ చెబుతుంది. ప్యాకేజీల జాబితా మీద పంపినవారి డిజిటల్ సంతకం ఉంటుంది. ఒక ప్రోగ్రాము వేసుకుంటుంటే దానికి కావలసిన లైబ్రరీలన్నీ 'ఆప్ట్' తనే ఆ ప్యాకేజీలుండే గోదాము నుంచి తెచ్చుకుంటుంది. అందుకే లైనక్స్ వాడేవాళ్లలో ఒక్కో ఎస్ఓ ఫైలును గూగుల్‌లో వెతికి దింపుకునేవాళ్లు చాలా అరుదు. హార్ఫ్‌బజ్ ఆ గోదాములో ఒకటే ఉంది. అందులో తెలుగు ఒత్తు తప్పు దిద్దితే ఆ ఉమ్మడి ఫైలును వాడే ప్రోగ్రాములన్నిటికీ అందుతుంది. ఒక మెలిక మాత్రం ఉంది. నడుస్తున్న లైబ్రరీని విండోస్ మార్చనివ్వదు, రీస్టార్ట్ అడిగి విసిగిస్తుంది. లైనక్స్ మార్చనిస్తుంది, కానీ అప్పటికే తెరిచి ఉన్న ప్రోగ్రాములు పాతదాన్నే పట్టుకుని ఉంటాయి. 2014 ఏప్రిల్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డప్పుడు, కొత్త ఫైలు వేసి సేవలు రీస్టార్ట్ చేయని సర్వర్లలో లోపం అలాగే ఉండిపోయింది.

మొదట చెప్పిన ఆత్మకూరు, ఉదయగిరి ఉన్న పశ్చిమ నెల్లూరులో ఈ రెండు లోకాలూ ఉన్నాయి. సుప్రీంకోర్టు ఈ-కమిటీ ఈ-కోర్టుల ప్రాజెక్టు కింద జిల్లా, తాలూకా కోర్టులకు తన అవసరానికి తగ్గట్టు మార్చిన ఉబుంటు లైనక్స్‌ను ఇచ్చింది. ఆత్మకూరు, ఉదయగిరి లాంటి చోట్ల ఉండే కోర్టులూ ఆ ప్రాజెక్టు పరిధిలోవే. కోర్టు దాటి రోడ్డు మీదికొస్తే ఇంటర్నెట్ సెంటర్లు, డీటీపీ షాపులు. ఇక్కడంతా విండోస్. అలవాటు ఒక్కటే కారణం కాదు. ఆధార్ వేలిముద్ర యంత్రానికి కావలసిన ఆర్‌డీ సర్వీసు అనే సాఫ్ట్‌వేర్‌ను విండోస్ కోసం ఇస్తారు. పెళ్లిపత్రికలు చేసే పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్ ఈ షాపుల్లో నడిచేది విండోస్ మీదే. అను ఫాంట్లకు యుఎస్‌పీ10తో అసలు పనే లేదు. ఒత్తులూ గుణింతాలూ ముక్కలుగా ఫాంటులోనే ఉంటాయి, ఆపరేటర్ కొట్టే మీటలనుబట్టి అను స్క్రిప్ట్ మేనేజరే వాటిని పేరుస్తుంది. లైబ్రరీలు సరిగా లేని కాలంలో తెలుగు అచ్చును బతికించిన ఉపాయమది. ఈ షాపులవాళ్లను 'లైనక్స్‌కు మారండి' అనడం ఊరికే నీతులు చెప్పడమే.

కాబట్టి అసలు ప్రమాదం ఎక్కడుందో కౌంటరు దగ్గరే చూద్దాం. తెరమీద 'ఎంఎస్‌వీసీపీ140.డీఎల్ఎల్ మిస్సింగ్' అని వస్తుంది. "ఫార్మాట్ కొట్టేద్దాం అన్నా" అంటాడు కుర్రాడు. లేదంటే ఆ పేరే గూగుల్‌లో కొట్టి, డీఎల్ఎల్‌లు ఉచితంగా ఇస్తామనే ఏదో సైటు నుంచి దింపి సిస్టం32లో పడేస్తాడు. అది ఎవరు పెట్టారో, ఏ వెర్షనో, లోపల ఏముందో అడిగే నాథుడు లేడు. నిజానికి ఆ ఫైలు విండోస్‌తో రాదు. విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే ప్యాకేజీలో భాగం, మైక్రోసాఫ్ట్ సైటులోనే ఉచితంగా ఉంది. వేసుకుంటే అయిదు నిమిషాల పని. విండోస్ సొంత ఫైలే చెడితే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ముందు డిస్మ్‌తో రీస్టోర్‌హెల్త్ నడిపించి, తర్వాత ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ కొట్టాలి. మొదటిది దాచిన నకళ్లను బాగుచేస్తుంది, రెండోది ఆ నకళ్లతో చెడిన ఫైళ్లను సరిచేస్తుంది. ఇంత మంచి మరమ్మతు ఏర్పాటు చేతిలో పెట్టుకుని ఫార్మాట్ కొట్టడమంటే, కుళాయి కారుతోందని ఇల్లు పడగొట్టడమే. ఇంకో అలవాటు దీన్ని మించింది. కొనకుండా సాఫ్ట్‌వేర్ నడిపించే క్రాక్ పనిచేయాలంటే యాంటీవైరస్ ఆపెయ్యమంటారు, మనవాళ్లు ఆపేస్తారు. చాలా క్రాకులు చేసేదే అసలు డీఎల్ఎల్ చోట మార్చిన డీఎల్ఎల్ పెట్టడం. దాన్ని పెట్టింది దొంగ కాదు, మన చెయ్యే.

మన షాపుల్లో ఉచిత సైటును నమ్మినట్టే పెద్ద లోకమూ తాను నమ్మినవాళ్ల వల్ల చిక్కుల్లో పడింది. 2024లో రెండు వైపులా ఒక్కోటి జరిగింది. మార్చి 29న, లైనక్స్‌లో ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దొడ్డిదారి ఉందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టాడు. జియా తాన్ అనే పేరుతో ఒకరు 2021 నుంచి ఆ ప్రాజెక్టులో సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దాన్ని చొప్పించారు. రిమోట్ లాగిన్‌కు అరసెకను ఎక్కువ పడుతోందేమని ఆరా తీయబట్టి దొరికింది. కనిపెట్టినాయన పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లో! సోర్సు అందరి కళ్లముందూ ఉంటుంది కాబట్టి భయం లేదన్న మాట ఇక్కడ సగమే నిజమైంది. దొడ్డిదారిని తెరిచే స్క్రిప్టు ముక్క విడుదల చేసిన కట్టలో ఉందిగానీ, అందరూ చూసే గిట్ నిల్వలో లేదు. అయినా అనుమానం వచ్చినవాడికి తవ్వి చూసే వీలుంది. స్థిరమైన లైనక్స్ వెర్షన్లకు పాకకముందే పట్టుబడింది.

జూలై 19న విండోస్ వైపు వంతు. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ సిస్టం32 లోపలి తన ఫోల్డరుకు పంపిన ఒక తప్పు ఫైలుతో దాదాపు 85 లక్షల కంప్యూటర్లు నీలి తెరకు పోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆరోజు దేశమంతా తిరిగింది. తప్పు ఫైలును కంపెనీ 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకుంది గానీ, అప్పటికే పడిపోయిన యంత్రాల్లో ఎన్నింటికో ఒక్కొక్కదాని దగ్గరికీ మనిషి పోయి సేఫ్ మోడ్‌లో ఆ ఫైలును తీసేయాల్సి వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఫైళ్లలో ఒక్కటీ చెడలేదు. పడగొట్టింది కాపలాకు పెట్టుకున్నవాడే.

మన అక్షరం వల్లనే కూలిన సిస్టమూ ఒకటుంది, దాన్ని వదిలేస్తే ఈ పోలిక కుంటిదవుతుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరాన్ని ఒక ప్రత్యేక వరసలో, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తుతో, మెసేజ్‌లో పంపితే ఐఫోన్ కూలబడేది. లోపం ఆపిల్ వారి కోర్‌టెక్స్ట్ లైబ్రరీలో ఉంది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. అందాకా తెలుగువాడు ఎంత నిపుణుడైనా చేయగలిగింది లేదు, ఆ లైబ్రరీ తలుపు ఆపిల్ ఒక్కటే తీయగలదు. హార్ఫ్‌బజ్‌లో అయితే తెలుగు తెలిసిన ప్రోగ్రామరు సవరణ రాసి పంపవచ్చు.

నా తీర్పు ఇది. చెడిన ఫైలును బాగుచేయడంలో, తెలియని చేతిని ఆపడంలో విండోస్ మెరుగు. ఫైలు ఎక్కడిది, ఎవరు పంపారు అన్నదానికి జవాబు చెప్పడంలో లైనక్స్ చాలా మెరుగు. నేను ఈ రెండోదానికే ఎక్కువ మార్కులు వేస్తాను. వేలిముద్ర యంత్రం, అను ఫాంట్ల అవసరం లేని చోట, అంటే బడి ల్యాబులో, గ్రంథాలయంలో, ఇంట్లో పిల్లల చదువుకు లైనక్స్ వేసుకోవచ్చు. ఆ అవసరం ఉన్న షాపులవాళ్లు విండోస్‌లోనే ఉండండి, కాని అసలుదే వాడండి. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ కాని ఖాతా పెట్టుకోండి. డీఎల్ఎల్ మిస్సింగ్ అని వస్తే ఫైలును వెతక్కండి, అది ఏ ప్యాకేజీలోదో వెతకండి. ఇవాళే స్టార్ట్ మెనూలో 'విన్‌వర్' అని కొట్టి చూడండి. విండోస్ 10 అని వస్తే దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అదనపు భద్రతా అప్‌డేట్ల కోసం విడిగా నమోదైన ఇళ్ల కంప్యూటర్లకు కూడా గడువు 2026 అక్టోబరు 13 వరకే.