రథం మోకు ఎవరు పేనాలి?

దంతెవాడలో శంఖిని, డంకిని కలిసేచోట దంతేశ్వరి గుడి ఉంది. ఓరుగల్లు కూలాక కాకతీయ అన్నమదేవుడు అమ్మవారితో ఇటొచ్చాడని ఇక్కడ చెప్పుకుంటారు. నవరాత్రుల్లో పంచమినాడు జగదల్‌పూర్ నుంచి ఈ గుడికి దసరా పిలుపు వస్తుంది. అది అందాకే మావలి అమ్మవారి డోలీ, ఛత్రం కదులుతాయి. నవమి రాత్రి జగదల్‌పూర్‌లో వాటికి ఎదుర్కోలు.

బస్తర్ దసరా 75 రోజుల పండుగ. రథం కొయ్యపని బేడా ఉమర్‌గావ్ వాళ్ళది, ఇనుపపని ఝార్ ఉమర్‌గావ్ కమ్మరులది. మోకులు పేనేది కరంజి, కేసర్‌పాల్, సోనాబాల్ ఊళ్ళవాళ్ళు. అదీ అడ్డతీగ నారతో. మనం విస్తళ్ళు కుట్టే అడ్డాకు ఆ తీగదే. ఎనిమిది చక్రాల రథాన్ని లాగే వంతు కిలేపాల్ మాడియా గిరిజనులది. ఇక్కడ పని ఒక మనిషి పేర లేదు, ఊరి పేర ఉంది. నార పేనే ముసలాయన మంచాన పడితే పక్కింటివాడు అందుకుంటాడు. ఆ సంగతి జగదల్‌పూర్‌కు చెప్పాల్సిన పని కూడా లేదు.

ఒకరు ఆగినా పని ఆగకూడదు. వేల సర్వర్లకు పని పంచే ఇంజనీర్ల తంటా సరిగ్గా ఇదే. గూగుల్‌లో జెఫ్రీ డీన్, సంజయ్ ఘెమావత్ 2004లో వివరించిన మ్యాప్‌రెడ్యూస్‌లో పెద్ద యంత్రం మిగతావాటిని ఉండుండి పలకరిస్తుంది. బదులు రాకపోతే ఆ పని ఇంకొకదానికి ఇస్తుంది. ఏదైనా మరీ నత్తనడక నడుస్తుంటే అదే పనిని మరోచోట కూడా మొదలుపెట్టించి, ముందు ముగిసినదాన్ని తీసుకుంటుంది. బస్తర్‌లో పని ఊరు మారదు. అదనపు చేతులు ఆ ఊళ్ళోనే ఉంటాయి.

గడియారాల గొడవ వేరు. ఏ రెండు యంత్రాల గడియారాలూ కచ్చితంగా కలవవు కాబట్టి, ఏది ముందు ఏది వెనక అన్నది వాటి మధ్య నడిచే కబుర్లను బట్టి తేల్చాలని లెస్లీ లాంపోర్ట్ 1978లో చూపించాడు. పిలుపు ముందు, డోలీ తర్వాత అన్నట్టే. పైగా బస్తర్‌కు అందరికీ కనిపించే గడియారం ఒకటుంది. పండుగ మొదలయ్యే అమావాస్య అక్కడి లెక్కలో శ్రావణం, మన పంచాంగంలో ఆషాఢం. పేరు ఏదైనా ఆ రాత్రి చంద్రుడు ఎవరికీ కనబడడు.

ఇంజనీరుకు గుండె దడ పుట్టించేవీ ఉన్నాయి. ముళ్ళ ఉయ్యాల మీద ఒక చిన్నపిల్ల కాఛిన్ దేవిగా అనుమతి ఇస్తేనే పండుగ. హల్బా తెగ యువకుడొకడు తొమ్మిది రోజులు గోతిలో జోగిగా కూర్చోవాలి. అక్కడ భారమంతా ఒక్కరి మీదే.

అన్నిటికన్నా నాకు నచ్చింది విజయదశమి రాత్రి దొంగతనం. కిలేపాల్ మాడియాలు రథాన్ని కుమ్హడాకోట్‌కు లాక్కుపోతారు. మర్నాడు బస్తర్ రాజకుటుంబం అక్కడికి వెళ్ళి, వాళ్ళతో కలిసి కొత్తబియ్యపు అన్నం తినాలి. ఆ తర్వాతే అడ్డనార మోకు మళ్ళీ బిగుసుకుంటుంది, ఊరివైపు.