పెడన దుప్పటి మీద ఎవరి తోట?

కృష్ణా జిల్లా పెడనలో అద్దే కలంకారీ దుప్పటి చాలా తెలుగు ఇళ్లలో చుట్టాలొస్తే బయటికి తీసేది. అంచున తీగ, నడుమ చెట్టు, కొమ్మల్లో నెమళ్లు. చూడగానే అమ్మమ్మ ఇల్లు గుర్తొస్తుంది. అందుకే బజారులో స్క్రీన్ ప్రింట్ గుడ్డలకు కలంకారీ పేరు తగిలించి అమ్ముతుంటే, మన ఇంటి బొమ్మను ఎత్తుకుపోయారన్న బాధ కలగడం సహజం.

కానీ ఆ బొమ్మ మొదట మన ఇంటిది కాదు. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి పర్షియాకు బట్టలు వెళ్లేవి. నిటారు సైప్రస్ చెట్లు, పూలగుత్తులు అక్కడివారి అభిరుచికి తగ్గట్టు అద్దినవి. 17వ శతాబ్దం ఆరంభంలో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిషువాళ్లు వచ్చారు. యూరపు కొనుగోలుదారులు ఎర్రటి బట్ట వద్దని, తెల్లటి బట్ట మీద పూలు కావాలన్నారు. అద్దకంవాళ్లు ఎప్పుడూ చూడని తోటలను ఇతరుల ఇళ్ల కోసం అద్దారు.

మరి పెడనదని చెప్పుకోదగ్గది ఏది? పని జరిగే తీరు. ముందు బట్టను కరక్కాయ రసంలో, గేదెపాలలో నానబెడతారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. తుప్పు ఇనుమును బెల్లంనీళ్లలో రోజుల తరబడి ఊరవేసిన ద్రవంలో టేకు అచ్చును ముంచి బట్ట మీద నొక్కి, పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తారు. ఇనుము కరక్కాయను తాకగానే గీత కళ్లముందే నల్లబడుతుంది. ఎరుపు కథ వేరు. పటిక అద్దిన చోట ముందు ఎరుపు జాడే ఉండదు. ఎర్రరంగునిచ్చే మొక్క వేళ్లతో కలిపి ఉడకబెడితే, పటిక ఉన్నంత మేరే ఎరుపెక్కుతుంది. అందుకే ఉడకబెట్టే ముందు బట్టను పారే కాలువలో ఉతకాలి. నిలవ నీళ్లలో అయితే వదిలిన పటిక మరోచోట అంటుకుని, అక్కడ ఎర్ర మచ్చ తేలుతుంది. కాలువ కూడా ఈ పనిలో ఒక పనిముట్టే.

పెడనలో అద్దే ఈ మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. పెడనలోనే స్క్రీన్ ప్రింట్ కూడా జరుగుతోంది. అలాంటప్పుడు చెట్టును, నెమలిని ఎవరు వాడుకున్నారని తగాదా పడటం దండగ. అవి ఎన్నో ఇళ్లు తిరిగి వచ్చినవే. పట్టుబట్టాల్సింది కరక్కాయ, పటిక, అచ్చు, కాలువ గురించి. కొనేవాళ్లు అంచు తీగను దగ్గరగా చూడాలి. చేత్తో అద్దినదైతే ఒక అచ్చు పక్కన మరో అచ్చు పడ్డచోట గీత వెంట్రుకవాసి జరిగి ఉంటుంది, నలుపు ఒకచోట చిక్కగా, మరోచోట పలచగా కనిపిస్తుంది.